మూడు నెలల నోటీసు

శనివారం మధ్యాహ్నం. హోసూరు నుంచి కృష్ణగిరి వైపు పోతున్న కారు. నడుపుతున్నది శ్రీరంగప్ప, బ్యాటరీ ఫ్యాక్టరీలో టెస్టింగ్ ల్యాబుకు అధికారి. పక్క సీట్లో అదే ల్యాబులో పనిచేసే నేత్ర.

"బెల్టు పెట్టుకోమ్మా. ఊరికే చేతిలో పట్టుకొని కూర్చున్నావు."

"పెట్టుకొంటా సార్. సార్, ఒక మాట. కంపెనీ బస్సు గేటు తావనే నిలబడి ఉండింది. నన్నెందుకు కారెక్కమన్నారు?"

"నేనూ గురుబరపల్లికి పోవాల గదా. ఒకటే దోవ."

"ఎనిమిదేండ్లుగా ఒకటే దోవ సార్. ఎప్పుడూ ఎక్కమనలేదు."

"ఎప్పుడూ అనలేదు, ఈ పొద్దు అన్నా. తప్పా?"

"తప్పని కాదు."

"మరి?"

"ఏం లేదు సార్. నా మెయిలు చూసినారా?"

"ఏ మెయిలు?"

"సోమవారం పెట్టినా గదా. నోటీసు గురించి."

"ఆ... చూసినా, చూసినా. నీళ్లు తాగతావా? వెనక సీట్లో బాటిలుంది."

"వద్దు సార్. చూసి ఏమనుకొన్నారు?"

"మూడు నెలల నోటీసు మాఫీ చేసి, ఈ నెలాఖరుకే వదిలిపెట్టమని రాసినావు."

"అవును సార్. ఒకటో తారీకు వచ్చి చేరాలని బెంగళూరువాళ్లు గట్టిగా చెప్పినారు. చేరకపోతే సీటు పోతుంది. పుష్పావతి మేడమ్ని అడిగినా. హెచ్చార్‌లో మాదేం లేదు, మీ సార్ సిస్టంలో ఒప్పుకొంటే చాలు అనింది."

"పుష్పావతి అట్లనే అంటుంది. ఏదొచ్చినా నా మీదికి తోస్తుంది."

"ఒప్పుకొంటారా సార్?"

"ఈ లారీవాణ్ణి చూడు! ఇండికేటర్ లేదు, ఏం లేదు, అట్లే తిప్పేసినాడు... ఏమన్నావు?"

"ఒప్పుకొంటారా అన్నా."

"నువ్వు నాకు నిజం చెప్పు, నేను ఆలోచిస్తా. యాడికి పోతా ఉండావు నేత్రా?"

"రాసినా గదా సార్. బెంగళూరు. పీహెచ్‌డీ."

"అది మెయిల్లో ఉండే మాట. నేనడిగేది నిజం."

"అదే నిజం."

"ముప్పై దాటినాక, పెండ్లయి బిడ్డ ఉండేదానివి, పర్మినెంటు ఉద్యోగం వదిలేసి, దాంట్లో సగం కూడా రాని స్టైపెండుకు పోయి, నీకంటే చిన్నోళ్ల పక్కన కూర్చోని చదువుతావా? దీన్ని నేను నమ్మాల?"

"నమ్మకపోతే నేనేం చేయాల సార్?"

"పోయిన నెల హోసూరు బస్టాండు పక్కన జ్యూసు కొట్లో ఎవరితో కూర్చోనున్నావు?"

"ఎవరు చెప్పినారు మీకు?"

"కూర్చోనున్నావా, లేదా?"

"కూర్చోనున్నా. తిలక్‌తో."

"తిలక్ ఇప్పుడు ఏ కంపెనీలో ఉండాడు?"

"మీకు తెలీదా సార్?"

"నువ్వు చెప్పు."

"మనకు పోటీ కంపెనీలో. అయితే?"

"అయితే అంటా ఉండావు! మన ల్యాబులో పని నేర్చుకొని ఎగిరిపోయినోడు. వాడూ నువ్వూ ఒక బల్ల తావ కూర్చోని, కాయితాలు పరుచుకొని, తలకాయలు వంచుకొని మాట్లాడతా ఉండారంట. తర్వాత ఒక నెలకు నువ్వు ఉద్యోగం వదిలేస్తానంటావు. నా తావలో నువ్వుంటే ఏమనుకొంటావు?"

"ఓహో. దానికా కారెక్కించింది?"

"ఏం కాయితాలవి?"

"లెక్కలు సార్."

"ఏ లెక్కలు? మన ప్లాంటువా?"

"ఇంటిగ్రేషన్! డిఫరెన్షియల్ ఈక్వేషన్లు! కాలేజీ వదిలినాక మళ్లీ ఎప్పుడన్నా పట్టుకొన్నామా వాటిని? మన పనిలో మిషనే గీత గీసి ఇస్తుంది, మనం చూసి సంతకం పెడతాం. ఎంట్రెన్సులో లెక్క చూస్తానే కండ్లు తిరిగినాయి. తిలక్ ముందర ఒకసారి ఆడికి పోయొచ్చినోడు గదా అని నేర్పించమన్నా."

"తిలక్ పీహెచ్‌డీకి పోయి మధ్యలో వదిలేసి వచ్చినాడు."

"అందుకే ఆయప్పనే అడిగినా. బాగా జరిగినోళ్లు అంతా బాగుంటుందనే చెప్తారు."

"ఏమన్నాడు?"

"రావద్దు అన్నాడు."

"చూసినావా."

"అని, అన్నీ చెప్పినాడు. పక్కన ఉండే పిల్లోళ్లు ఇట్ల రీసెర్చి పేపరు తీసి అట్ల చదివేస్తారంట. మనం ఒక పేజీ చదివేలోపల వాళ్లు దాంట్లో తప్పు పట్టి నవ్వుకొంటా ఉంటారంట. ఒక పిల్లోడు పేపరు వేసేస్తే పక్కనోడు నాలుగు దినాలు వాడితో మాట్లాడడంట, అంత పోటీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చినోళ్లంటే గైడుకూ నమ్మకం ఉండదంట. మిషన్ రిపేరైతే మాత్రం పిలుస్తారంట. క్యాంటీన్లో అంకుల్ అని పిలుస్తారంట."

"అంకుల్ అంటారా?"

"తిలక్‌ని అన్నారంట."

"తిలక్‌నే అంకుల్ అన్నారా? వాడికి ఇంకా మీసం సరిగ్గా నల్లబడలేదు."

"మీకెందుకు సార్ అంత బాధ?"

"బాధేం లేదు. ఊరికే అడిగినా. అన్నీ విని కూడా పోతానంటా ఉండావు, అందుకే నమ్మలేకుండా ఉండా. ఇంట్లో ఏమన్నా గలాటానా?"

"సార్!"

"లేదమ్మా, పెద్దోణ్ణి, అడుగుతా ఉండా. కుమారేశన్ బాగుండాడా? అతనికేం అభ్యంతరం లేదా?"

"మీరు అడిగినట్లే మా అత్తా అడిగింది. 'మా మీద బేజారై పోతా ఉండావా, మా వాడి మీద బేజారై పోతా ఉండావా, చెప్పేసి పో' అనింది. మా ఆయనేం అనలేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని, ఇంటికొచ్చేదే ఆలస్యం. వచ్చి అన్నం ముందర కూర్చోని, 'హాస్టల్లో ఉంటావా?' అన్నాడు. ఉంటా, శనాదివారాలు వస్తా అన్నా. తిన్నాడు, చేయి కడుక్కొన్నాడు. 'హాస్టల్లో ఉంటావా?' అన్నాడు మళ్లీ."

"పాపం."

"పాప ఒక్కతే ఏ అనుమానం లేకుండా అడిగింది. 'అమ్మా, నీకు కూడా హోంవర్కు ఇస్తారా' అని."

"నువ్వేమన్నావు?"

"ఇస్తారు, రాయకపోతే కొడతారు అన్నా. నవ్వింది. ఇంటర్వ్యూలో ఆ ప్రొఫెసర్లూ మీ మాదిరే సార్. ఒక్కరికీ నమ్మకం లేదు. ఒకాయన అయితే నేను కూర్చోక ముందే, 'ఇన్నేండ్లు కంపెనీలో ఉండి ఇప్పుడొచ్చినారు, పేరు ముందర డాక్టరని వేసుకొంటే ప్రమోషనొస్తుందనా?' అన్నాడు."

"ఆ లావు అద్దాలాయన."

"ఆ, ఆయనే... సార్, లావు అద్దాలాయన అని మీకెట్ల తెలుసు?"

"ప్రొఫెసరంటే అద్దాలుండవా?"

"అందరికీ ఉండవు. ఆడ ఆయనొక్కడికే ఉన్నాయి."

"ఏదో నోటికొచ్చినట్లు అన్నా. నువ్వేం చెప్పినావు ఆయనకు?"

"ప్రమోషను కావాలంటే మీ తావకు ఎందుకొస్తా సార్, మా సార్‌కు రోజూ గుడ్ మార్నింగ్ చెప్పుకొంటా ఉంటే వస్తుంది అన్నా."

"అట్లా అన్నావా?"

"నవ్వినారు. ఆయన మాత్రం నవ్వలేదు."

"నవ్వడు. నవ్వే మనిషి మాదిరి... ఉండడులే ఎవరూ, ఇంటర్వ్యూలో. సరే, ఇంకొకటి అడుగుతా. కోపం చేసుకోవద్దు. మన నంబర్లేమన్నా చెప్పినావా వాళ్లకు?"

"ఏ నంబర్లు?"

"దీపావళి ముందర మూడో షెడ్డులో సెల్లు కాలింది గదా. దాని గురించి అడిగి ఉంటారు. అడగకుండా ఉండరు."

"అడిగినారు."

"ఎంత వేడిలో పొగ మొదలైందని?"

"అవును."

"చెప్పలేదు నువ్వు."

"చెప్పలేదు. అది కంపెనీ సొత్తు, నేను చెప్పకూడదు, కావాలంటే వేరే ప్రశ్న అడగండి అన్నా. సార్, నేను చెప్పలేదని మీరే చెప్తా ఉండారు! నన్ను అడగతా ఉండారా, నాకు చెప్తా ఉండారా?"

"నువ్వు అట్లాంటిదానివి కాదని నాకు తెలుసు గదా, అందుకని."

"ఇప్పుడే గదా నేను తిలక్‌కు కాయితాలు ఇచ్చినానని అనుమానపడినారు!"

"అది వేరే. ఇది వేరే."

"చెప్పి ఉంటే ఇంకా రెండు మార్కులు ఎక్కువ వచ్చేవేమో అని తర్వాత అనుకొన్నా కూడా."

"రాలేదులే."

"ఏమన్నారు?"

"రావు అన్నా. చెప్పినా రావు. ఏసీ తగ్గించేదా?"

"సార్, ఆ గదిలో ఉండింది ఐదుగురు ప్రొఫెసర్లు, నేను. ఆడ జరిగింది మీకెట్ల తెలుస్తా ఉంది?"

"అన్నీ ఊహ."

"ఊహ కాదు."

"నువ్వు ముందర నా ప్రశ్నకు జవాబు చెప్పు, తర్వాత నీ ప్రశ్నకు నేను చెప్తా. ప్రమోషనుకు కాదు. తిలక్ కంపెనీకి కాదు. ఇంట్లో గలాటా లేదు. మరి ఎందుకు పోతా ఉండావు?"

"మీకు చెప్పినా మీరు నమ్మరు."

"చెప్పు."

"మన వేలు లేడా, ఆ పిల్లోడి చేయి."

"వేలు... మన ఆపరేటరు వేలు?"

"ఆ. ఆ పొగలో చేయి కాలింది గదా. ఆసుపత్రికి చూడను పోయినా. కట్టు మార్చతా ఉండారు. నన్ను చూసి ఒక మాట అడిగినాడు. 'అక్కా, ఆ సెల్లు పాస్ అని రాసింది మీరే గదా' అని. కోపంగా అడగలేదు సార్. కోపంగా అడిగుంటే బాగుండు. తెలుసుకొందామని అడిగినాడు."

"కమిటీ వేసినాం గదమ్మా. నీ టెస్టులో ఏ తప్పూ లేదని రాసిచ్చినారు."

"నేనూ మళ్లా పోయి అన్నీ తిరగేసినా. వోల్టేజీ సరిగ్గా ఉంది. రెసిస్టెన్సు సరిగ్గా ఉంది. ఎవరి తప్పూ లేదు, మిషన్ తప్పూ లేదు. అట్లాంటి సెల్లు ఈ పొద్దు వచ్చినా నేను పాసనే రాస్తా."

"మరి ఇంకేం?"

"మీకు తప్పు లేదంటే నిమ్మళం. నాకు అదే భయం సార్. తప్పుంటే దిద్దుకోవచ్చు. తప్పు లేకుండానే కాలితే ఏం దిద్దుకోవాల? సోమవారం పోయి మళ్లీ పాస్ అని రాయాల గదా. మన సెల్లు వేసే కరెంటు బండ్ల మీద ఎవరెవరో బిడ్డల్ని ముందర నిలబెట్టుకొని స్కూలుకు తీసుకుపోతా ఉంటారు."

"ఈడనే ఉండి చూడొచ్చు గదా ఆ సంగతి."

"చూడనిచ్చినారా? ఆ బ్యాచ్‌లో మిగిలిన సెల్లు ఒకటి విప్పి చూసినా. జ్వరమొచ్చినోడి నాలిక మీద పాచి మాదిరి బూడిదరంగుగా పేరుకొని ఉంది, ఒక అంచులోనే. ఇంకో అంచు అద్దం మాదిరి ఉంది. ఎందుకు ఒక పక్కనే అని మీ రూముకొచ్చి అడిగినా. ఏమన్నారు?"

"ఏమన్నా?"

"'ఎందుకు అనేది మన డిపార్ట్‌మెంటు కాదమ్మా. ఔనా కాదా, అంతే మన డిపార్ట్‌మెంటు' అన్నారు."

"పైనోళ్లు నాకు చెప్పింది నేను నీకు చెప్పినా."

"ఎందుకు అనే డిపార్ట్‌మెంటు యాడుందో దాన్ని వెతుక్కొంటా పోతా ఉండా సార్. నాకు వేరే రహస్యమేం లేదు. నమ్మితే నమ్మండి."

"శూలగిరి వచ్చింది. టీ తాగుదాం."

"నాకొద్దు."

"నాకు కావాల. నువ్వు కూర్చో, ఏసీ వేసే ఉంచుతా."

శూలగిరి దాటిన తర్వాత.

"ఎవరికి ఫోన్ చేసినారు సార్?"

"ఎవరికీ లేదే."

"టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, ఫోన్ పట్టుకొని ఎంత సేపు నిలబడినారు! టీ చల్లబడిపోయింది, పారబోసినారు కూడా."

"సిగ్నల్ లేదు. ఊరికే చూస్తా ఉన్నా."

"ఎండీ సార్‌కా?"

"ఎండీ సార్‌కు శనివారం ఫోన్ చేస్తే ఉద్యోగం ఉంటుందా నాకు?"

"మరి ఎవరికి? నేను చెప్పినదంతా ఎవరికో చెప్పినారు. సెల్లు విప్పింది, వేలు అడిగింది. దాన్ని పట్టుకొని నా మీద ఏదన్నా రాస్తారేమో."

"నీకు నా మీద అంత అనుమానమా?"

"మీకు నా మీద లేదా?"

"ఉండింది."

"ఇప్పుడు లేదా?"

"ఇప్పుడు వేరే బాధ."

"ఏం బాధ?"

"బండి నడిపేటప్పుడు ఇన్ని ప్రశ్నలడిగితే ఎట్లమ్మా?"

"ఇంత సేపు అడిగింది మీరు సార్! నా ప్రశ్నకు తర్వాత చెప్తానన్నారు. ఇప్పుడు చెప్పండి. ఇంటర్వ్యూ గదిలో జరిగింది మీకెట్ల తెలుసు?"

"ఎవరో చెప్పినారు."

"ఎవరు?"

"ఆడివాళ్లే ఒకరు."

"ప్రొఫెసరా?"

"అనుకో."

"నా మీద మనిషిని పెట్టినారా సార్? నేను యాడికి పోతా ఉండా, ఎవరితో కూర్చోనుండా, ఏం చెప్పినా, అన్నీ తెలుసుకోను?"

"మనిషిని పెట్టేంత పెద్దోణ్ణి కాదు నేను."

"ఇంటర్వ్యూ అయినాక కింద కొళాయి తావ మొగం కడుక్కొన్నా. అదీ చెప్పినారా ఆ మనిషి?"

"ఏడ్చినావు నువ్వు. మొగం కడుక్కోవడం తర్వాత."

"బండి ఆపండి సార్. దిగిపోతా."

"హైవే మీద యాడ దిగతావు? గమ్మున కూర్చో."

"ఆ తావ ఎవరూ లేరు. నేను చుట్టూ చూసుకొని గదా ఏడ్చినా! ఎవరు సార్ అది? చెప్పకపోతే ఇప్పుడే పుష్పావతి మేడమ్‌కు ఫోన్ చేసి కంప్లైంటు పెడతా."

"పెట్టు. కాని ఎందుకేడ్చినావో చెప్పు. బాగానే చెప్పినావంట గదా లోపల."

"మీకెందుకు?"

"చెప్పు తల్లీ. నన్ను తిట్టి అయినా చెప్పు."

"లెక్క ఒకటి అడిగినారు, బోర్డు మీద వేయమని. సగం వరకు వేసినా. తర్వాత చేయి నిలిచిపోయింది. ఆ సుద్దముక్క పట్టుకొని నిలబడి ఉంటే నాకు నా వయసు తెలిసింది సార్. ఇంగ రాదనుకొన్నా. ఈ ఒక్క సీటుకు ఎంతమంది పిల్లోళ్లు వచ్చినారు, వాళ్లంతా ఎంత బిర్నా, గడగడా మాట్లాడతా ఉన్నారు. వచ్చిందని లిస్టు చూసినప్పుడు కూడా వేరే ఎవరి నంబరో అనుకొన్నా."

"నంబరా? పేర్లు వేయరా?"

"పేర్లుండవు. అప్లికేషన్ నంబర్లు మాత్రమే. పైన నాది. కింద వెయిటింగ్ లిస్టని ఇద్దరివి."

"నువ్వు ఒకటో తారీకు పోకపోతే?"

"వెయిటింగ్ లిస్టులో మొదటోళ్లకు పోతుంది. అందుకే గదా నా తొందర. అవును, మీరు ఆ రోజు యాడున్నారు?"

"ఏ రోజు?"

"నా ఇంటర్వ్యూ రోజు. ముందురోజు నేను లీవు పెట్టేదానికి వస్తే మీ రూముకు బీగం వేసి ఉంది. సార్ కూడా రేపు లీవే అన్నారు."

"కండ్లాసుపత్రికి పోయినా."

"ఏ కన్ను సార్?"

"రెండూ."

"మీరు అబద్ధం చెప్తా ఉండారు. కొన్ని నెలలుగా చూస్తా ఉండా. భోజనం టైములో తలుపేసుకొంటారు. మేము లోపలికొస్తే కంప్యూటర్లో ఉండేది మూసేస్తారు. మీరు వేరే కంపెనీకి పోతా ఉండారని ల్యాబంతా అనుకొంటా ఉండాం."

"అనుకొంటా ఉండారా?"

"పోయేముందర నన్ను ఈడ కట్టిపడేసి పోవాలని చూస్తా ఉండారు. ఇద్దరూ ఒకేసారి పోతే ల్యాబు నడవదు, మీకు చెడ్డపేరు. అందుకే నోటీసు మాఫీ చేయకుండా ఐదు దినాలు నాన్చినారు. అంతేనా, కాదా?"

"అంత దూరం ఆలోచించినావా?"

"కాదని చెప్పండి మరి!"

"నీ ఫోన్ మోగతా ఉంది చూడు."

"మోగనీ."

"ఎత్తమ్మా. మీ ఇంటాయనేమో."

"పుష్పావతి మేడమ్. ఇప్పుడు చెప్తా ఉండండి. హలో, మేడమ్! మీకే చేయాలనుకొంటా ఉన్నా. మా సార్ మీద... ఏంది? ఎప్పుడు? లేదు మేడమ్, తప్పు చూసినట్లుండారు. మా సార్ నాతోనే ఉండాడు, కార్లో... సిస్టంలో వచ్చిందా? పూర్తిగా మాఫీనా? నెలాఖరుకేనా? ...లేదు, లేదు మేడమ్. కంప్లైంటేం లేదు. ఊరికే చేయాలనుకొన్నా. సరే మేడమ్. పెట్టేస్తా."

"ఏమంట?"

"మీరు ఒప్పుకొన్నారంట."

"ఊ."

"అరగంట ముందర."

"ఊ."

"శూలగిరిలో ఫోన్ పట్టుకొని నిలబడింది దానికా?"

"టీ బాగలేదు. ఊరికే నిలబడి ఏం చేయాల, నొక్కేసినా."

"అంత సేపా సార్, ఒక బటన్ నొక్కేదానికి?"

"చెప్పినా గదా, సిగ్నల్ లేదు."

"నాకు చెప్పొచ్చు గదా! నేను ఇంత సేపు మిమ్మల్ని ఎన్నెన్ని మాటలంటి!"

"చెప్తే నువ్వు థాంక్స్ అంటావు. దానికి నేనేమనాలో నాకు తెలీదు. తిట్లైతే తేలిక."

"థాంక్స్ సార్."

"చూసినావా."

"సార్... మీ ఊరు దాటి వచ్చేసినారు. గురుబరపల్లి ఎప్పుడో పోయింది."

"తెలుసు. కృష్ణగిరి బస్టాండులో నిన్ను దించి తిరిగి పోతా."

"ఇంకా నాకు అర్థం కాలేదు. ఐదు దినాలు ఎందుకు నాన్చినారు? ఒప్పుకోకూడదు అనుకొన్నారా?"

"అనుకొన్నా. ఐదు దినాలూ అదే అనుకొన్నా. ప్రమోషనుకో, ఊరు మారడానికో, ఇంట్లో గలాటాకో, ఏదో ఒక దానికి పోతా ఉంటావు, అది బయటపెడితే ఒప్పుకోకుండా ఉండొచ్చు అనుకొన్నా. దానికే కారెక్కమన్నా."

"నేను నిలిచిపోతే మీకేమొస్తుంది సార్?"

"టోల్ వచ్చింది. ఫాస్టాగ్‌లో డబ్బులుండాయో లేవో... ఆ, గేటు ఎత్తినాడు."

"మాట మార్చవద్దు. మీరు మంచోళ్లే. కానీ ఇంత మంచి మీరు ఊరికే చేయరు, నాకు తెలుసు. నా తావ ఏం కావాల మీకు?"

"ఒకటి కావాల. ఆడికి పోయినాక, ఎందుకు ఒక అంచులోనే పేరుకొంటా ఉందో తెలిస్తే, అందరికంటే ముందర నాకు ఫోన్ చేయి. పేపరు తర్వాత వేసుకో."

"అంతేనా?"

"అంతే. ఆ పిల్లోళ్లు నవ్వినా బోర్డు మీద సగంలో నిలబడిపోవద్దు. తప్పో ఒప్పో కడ దాకా వేయి. నిలబడిపోయినోళ్ల కంటే తప్పు వేసినోళ్లకు మార్కులు ఎక్కువ వస్తాయి అనుకొంటారు గాని, అదీ నిజం కాదు. నిన్ను చూస్తే తెలుస్తా ఉంది."

"ఏంది సార్, ఏమేమో చెప్తా ఉండారు?"

"ఏం లేదు. అదో, మీ ఇంటాయన నిలబడి ఉండాడు బైకు తావ. పాపను కూడా తీసుకొచ్చినాడే."

"అవును! మోనిషా! చేయి ఊపతా ఉంది చూడండి సార్. రండి, ఇంటికొచ్చి కాపీ తాగి పోదురు. మా అత్తకు మీరొక మాట చెప్పినా బాగుంటుంది, సార్ చెప్పినాడంటే నమ్ముతుంది."

"ఇంకోరోజు వస్తా."

"సరే సార్. నాకైతే ఇప్పుడు మనసు తేలికైంది. ఒక్కరి గురించే పాపమనిపిస్తా ఉంది. ఆ వెయిటింగ్ లిస్టులో మొదటి మనిషి. ఎవరో ఏమో, ఏ ఊరో. ఒకటో తారీకు నేను రాకూడదని దేవుడికి మొక్కుకొంటా ఉంటాడు గదా."

"మొక్కుకోలేదమ్మా."

"మీకెట్ల తెలుసు సార్?"

"ఆ నంబరు నాదే. దిగు, వెనకాల బస్సోడు హారన్ కొడతా ఉండాడు."